ఆ బంతి ఎవరిది

రెండువేల అయిదులో, మార్చి నెల మొదలుకొని, నా భార్యంటే నాకు అసూయగా ఉండేది. ఆమె వీసా మీద నేను దుబాయ్ వచ్చినందుకు కాదు. అది తెలిసే వచ్చాను. ఇసుక మైదానంలో ఆమె చెయ్యెత్తితే ఇరవైమంది మగాళ్ళు నోరు మూసుకునేవాళ్ళు. నేనెత్తితే మూసుకోవడానికి కాస్త టైము పట్టేది. అందుకు.

నా పేరు జ్ఞానరాజు. నరసాపురంలో ఒక మిషన్ స్కూల్లో పీఈటీగా చేసేవాణ్ణి. లీదియాకి ఇక్కడ హాస్పిటల్లో నర్సు ఉద్యోగం వచ్చిన ఏడాదికి నేనూ వచ్చి, ఏసీలు బిగించే కంపెనీలో స్టోర్ కీపర్‌గా చేరాను. కరామాలో రెండు గదుల ఫ్లాటు. ఒక గది మాది. రెండోది లీదియా చిన్నాన్న కొడుకు ప్రభుకిరణ్‌ది, అతని భార్య స్వీటీది. చర్చిలో నన్ను 'సిస్టర్ లీదియా గారి హస్బెండ్' అనేవాళ్ళు. కంపెనీలో మా ముదీర్, అంటే మేనేజరు, ఆ మాత్రం కూడా అనేవాడు కాదు. "యల్లా, స్టోర్" అని కేకేసేవాడు. నాకు పేరుందని ఆయనకి తెలుసో లేదో.

శుక్రవారాలు మాత్రం నేను 'సర్ రాజు'ని.

ఖిసైస్ అవతల ఖాళీ స్థలంలో ఫిలిప్పీన్స్ వాళ్ళు బేస్‌బాల్ లీగ్ నడిపేవాళ్ళు. హోటళ్ళ వాళ్ళు, ఓడరేవు వాళ్ళు, బ్యాంకుల వాళ్ళు, మొత్తం ఎనిమిది టీములు. నేను బీపీఈడీలో ఆ రూల్స్ చదివినవాణ్ణి. లీగ్ సెక్రటరీ రొడెల్ మా కంపెనీకి సామాను దింపడానికి వస్తుంటే ఒకసారి మాటల్లో ఆ సంగతి చెప్పాను. ఆ శుక్రవారమే నన్ను మైదానానికి పట్టుకెళ్ళాడు. మొహానికి ఇనప జాలీ, ఛాతీకి మెత్త కట్టుకుని క్యాచర్ వెనకాల నిలబడితే, నేనే చీఫ్ అంపైర్ని. బేసుల దగ్గర ఇంకో అంపైరు ఉంటాడు. ఆయన జపాన్ మనిషి. జనవరిలో బదిలీ అయి వెళ్ళిపోయాడు.

"మీ మిసెస్ కాలేజీలో ఆడేదన్నావు కదా, ఆమెని తీసుకురా," అన్నాడు రొడెల్.

అన్నది నేనే. గొప్ప కోసం అన్నాను. లీదియా విజయవాడలో నర్సింగ్ చదివేటప్పుడు యూనివర్సిటీ సాఫ్ట్‌బాల్ టీములో ఆడింది. ఆ ఫోటో ఒకటి మా పెట్టెలో ఉండేది.

ఆమెకి నా రూల్స్ పుస్తకమిచ్చాను. హాస్పిటల్ బస్సులో వెళ్తూ వస్తూ మూడు వారాల్లో చదివేసింది. సాయంత్రాలు భోజనాల చాప మీద గ్లాసులు, ఉప్పు డబ్బా, నిమ్మకాయ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. నేర్పేవాణ్ణి నేను గనక ఆ మూడు వారాలూ నాకు చాలా హాయిగా గడిచాయి.

"బంతి గాల్లోకి లేచిందనుకోండి," అంటూ నిమ్మకాయ పైకెత్తి పట్టుకుంది ఒకరోజు. "ఈ గ్లాసూ ఆ గ్లాసూ ఇద్దరు ఫీల్డర్లు. ఇద్దరూ పట్టడానికి వచ్చారు. ఉప్పు డబ్బా బేసుల మధ్య పరిగెత్తేవాడు. వెళ్ళి ఒకడికి గుద్దుకున్నాడు. తప్పెవరిది?"

"బంతి పట్టే హక్కు ఇద్దరిలో ఒక్కడికే ఉంటుంది. హక్కున్నవాడికి గుద్దుకుంటే రన్నర్ అవుట్. రెండోవాడికి గుద్దుకుంటే, దారిలో అడ్డం నిలబడ్డ ఆ ఫీల్డరుదే తప్పు. రన్నర్‌కి ఏమీ కాదు."

"ఆ హక్కు ఎవరిదో ఎవరు చెప్తారు?"

"అంపైరు."

"ఎలా చెప్తాడండీ?"

"కళ్ళతో చూసి."

కాసేపు నిమ్మకాయ వంక చూసి, "రెండు రూల్స్ ఒకదాని మీద ఒకటి పడితే?" అంది. "ఏది ముందు?"

"ఏది గుర్తొస్తే అది," అని నవ్వాను.

ఆమె నవ్వలేదు. "మా వార్డులో కూడా అంతేనండి. షుగరు డాక్టరు ఒకటి రాస్తాడు, గుండె డాక్టరు ఇంకోటి రాస్తాడు. ఇద్దరూ రైటే. అప్పుడు కాగితాలు పక్కనపెట్టి, ముందు పేషెంటు ఎలా ఉన్నాడో చూస్తాం. ఏం జరిగిందో సరిగ్గా చూస్తే, ఏ రూలు ముందో అదే తెలుస్తుంది."

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, వారం తిరక్కుండా రొడెల్‌తో నా మాటగా చెప్పాను.

మార్చి రెండో శుక్రవారం బ్యాంకు వాళ్ళకీ ఓడరేవు వాళ్ళకీ ఆట. మూడో బేసు మీద బ్యాంకు రన్నర్ ఉన్నాడు. వాళ్ళవాడు బంతి కొట్టబోతుంటే, వెనకనున్న క్యాచర్ చేతితొడుగు బ్యాటుకి తగిలింది. అయినా బంతి వెళ్ళింది. మూడో బేసు మీదున్నవాడు ఇంటికి, అంటే బంతి కొట్టే చోటుకి, వచ్చి పరుగు చేశాడు, కొట్టినవాడు మాత్రం మొదటి బేసు దగ్గర అవుటయ్యాడు. నేను చెయ్యెత్తి ఆపాను. క్యాచర్ అడ్డుపడ్డాడు కాబట్టి కొట్టినవాడు మొదటి బేసుకి, పరుగు చెల్లదు, ఆ రన్నర్ వెనక్కి మూడో బేసుకి. పుస్తకంలో ఉన్నదే చెప్పాను.

బేసుల దగ్గర అంపైరుగా ఉన్న లీదియా నడుచుకుంటూ వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తెలుగులో, మెల్లగా అంది: "ఏవండీ, దాని కిందే ఇంకో రూలుంది. కావాలంటే ఆ టీము మేనేజరు జరిగింది జరిగినట్టే ఉంచుకోవచ్చు. పరుగు తీసుకుని అవుట్ ఒప్పుకోవచ్చు. ఒకసారి ఆయన్ని అడగండి."

నిజమే. మర్చిపోయాను. మేనేజర్ని అడిగితే, ఆయన పరుగు తీసుకున్నాడు. ఆ ఒక్క పరుగుతోనే గెలిచారు.

నలుగురిలో నా పరువు పోకుండా తెలుగులో చెప్పింది. మైదానమంతా కలిపి తెలుగు వచ్చినవాళ్ళం ఇద్దరమే. కానీ ఆమె వచ్చి చెప్పడం, నేను మాట మార్చడం అందరూ చూశారు. ఆట అయ్యాక రొడెల్ నా చెయ్యి ఊపి, ఆమె దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకుని ఊపాడు. ఆ రెండో చెయ్యి నాకు చాలారోజులు గుర్తుంది.

ఆ తర్వాతి వారం నుంచి ఆటగాళ్ళు అనుమానమొస్తే ఆమె వంక చూడ్డం మొదలుపెట్టారు. నేను స్ట్రైక్ అంటే నా వెనకాల ఎవరో గొణిగేవాళ్ళు. ఆమె బేసు దగ్గర అవుట్ అంటే, అవుటైనవాడు ప్యాంటు దులుపుకుని తలొంచుకుని పోయేవాడు. ఇంట్లో ప్రభుకిరణ్ సంగతి సరేసరి.

"మా హోటల్ కుర్రాళ్ళు చెప్పుకుంటున్నారు బావా," అన్నాడు ఒక మధ్యాహ్నం అన్నం కలుపుకుంటూ. "అక్క చెప్పిందంటే ఇంక అప్పీలుండదంట. వచ్చే సీజన్లో అక్కనే చీఫ్‌గా వేస్తారంట గదా?"

"ఎవరన్నారు?"

"రొడెలే అన్నాడంట."

"నాకేం తెలీదురా," అంది లీదియా. "మీ బావగారుండగా నేనెందుకు? పప్పు వేసుకో."

ఆమె అలా అనకుండా ఉంటే బాగుండేది. ఎగిరిపడితే, గొప్పలు పోతే, నాకు కోప్పడ్డానికి ఒక దారి దొరికేది. ఆమె ఎప్పట్లా నా యూనిఫాం ఉతికి ఆరేసేది, నా జాలీకి పట్టిన ఇసుక పాత బ్రష్షుతో తుడిచేది. నేను మాత్రం ఆమె ఎప్పుడు తప్పుచేస్తుందా అని ప్రతి శుక్రవారం కాచుకుని ఉండేవాణ్ణి. నా సగం చూపు బంతి మీద, సగం ఆమె మీద. నిజంగానే తప్పులు చేసింది నేను.

ఏప్రిల్ ఆఖరి శుక్రవారం ఫైనల్. హోటల్ వాళ్ళకీ ఓడరేవు వాళ్ళకీ. పొద్దున్నుంచీ ఇసుక గాలి. ఆఖరి ఇన్నింగ్స్‌లో హోటల్ వాళ్ళు బ్యాటింగ్, ఒక్క పరుగు వెనకబడి ఉన్నారు. అప్పటికి ఒకడు అవుట్. మొదటి బేసు మీద ఒక రన్నర్, రెండో బేసు మీద ఒక రన్నర్. ముగ్గురు అవుటైతే ఆట అయిపోతుంది.

కొట్టినవాడి బంతి నేరుగా పైకి లేచింది, రెండో బేసు మీదుగా. అలాంటప్పుడు ఒక రూలుంది. ఫీల్డర్లు కావాలని బంతి వదిలేసి రన్నర్లని మోసం చెయ్యకుండా, అది కింద పడకముందే కొట్టినవాణ్ణి అవుట్ అనేస్తాం. వేలు పైకెత్తి అరిచాను. ఇద్దరు అవుట్.

బంతి కోసం ఇద్దరు ఫీల్డర్లు వచ్చారు. రెండో బేసుకి ఎడమ పక్కనుంచి షార్ట్‌స్టాప్, కుడి పక్కనుంచి సెకండ్ బేస్‌మన్. మొదట అది షార్ట్‌స్టాప్ మీదికే వచ్చేట్టుంది. అంతలో గాలి దాన్ని కుడికి నెట్టింది. షార్ట్‌స్టాప్ తల పైకెత్తుకుని అలాగే వచ్చేస్తున్నాడు. రెండో బేసు వదిలి కాస్త ముందుకొచ్చి, మళ్ళీ వెనక్కి మళ్ళిన రన్నర్ అతనికి గుద్దుకుని ఇద్దరూ పడ్డారు. ఆ చప్పుడుకి సెకండ్ బేస్‌మన్ ఒక్క క్షణం బెదిరాడు. బంతి అతని తొడుగు అంచుకి తగిలి దూరంగా దొర్లిపోయింది. పడ్డ రన్నర్ లేచి పరుగెత్తాడు. అతని వెనకే మొదటి బేసు మీదున్నవాడు. ఇద్దరూ ఇంటికొచ్చారు. రెండు పరుగులు. హోటల్ వాళ్ళు గెలిచినట్టు.

రన్నర్ గుద్దుకున్నది హక్కున్న ఫీల్డరుకైతే, అతను మూడో అవుట్. పరుగులు చెల్లవు, కప్పు ఓడరేవు వాళ్ళది. హక్కు లేనివాడికైతే, పరుగులు చెల్లుతాయి, కప్పు హోటల్ వాళ్ళది.

నేను పిడికిలి ఎత్తి, రన్నర్ అవుట్ అన్నాను. అప్పుడు చూశాను. అక్కడ, వాళ్ళకి పది అడుగుల దూరంలో, లీదియా చెయ్యి చాపి షార్ట్‌స్టాప్‌ని చూపిస్తోంది. అడ్డమొచ్చింది ఇతను అని.

ఒకే ఆటకి ఇద్దరు అంపైర్లు రెండు తీర్పులిస్తే, ఇద్దరూ కలిసి మాట్లాడుకోవాలి. ఆఖరి మాట చీఫ్‌ది. ఎవరు బాగా చూశారో, ఎవరిది రైటయ్యేట్టుందో తేల్చి చెప్పాలి. ఆటగాళ్ళని దూరంగా పొమ్మని ఇద్దరం మైదానం మధ్యలో నిలబడ్డాం.

"బంతి షార్ట్‌స్టాప్‌ది," అన్నాను.

"గాలికి కుడి పక్కకి పోయిందనిపించిందండీ. సెకండ్ బేస్‌మన్ చేతిలోకే వస్తోంది."

"నువ్వు పక్కనుంచి చూశావు. నేను ఎదురుగా చూశాను."

ఆమె నా మొహంలోకి చూసింది. జాలీ తియ్యలేదు నేను. "మీరు ఎదురుగా చూశారా?" అంది.

"చూశాను."

"అయితే సరేనండి. నాకే అలా కనపడిందేమో."

చాపిన చెయ్యి దించేసింది. నేను వెనక్కి తిరిగి గట్టిగా ప్రకటించాను. ఓడరేవు వాళ్ళు గంతులేశారు. హోటల్ మేనేజరు నా దగ్గరికి రాకుండా ఆమె దగ్గరికి వెళ్ళాడు. "చీఫ్ చెప్పిందే మా ఇద్దరి మాట," అంది ఆమె ఇంగ్లీషులో. నేను విన్నాను.

గాలి దాన్ని కుడికి నెట్టడం నాకు కనబడింది. బంతి ఇంకా పైన ఉండగానే అది ఎవరిదో తెలుసు. ఈ ముక్క ఇప్పుడు రాయడం తేలిక.

మర్నాడు హోటల్ వాళ్ళు ఫిర్యాదు పెట్టారు. అంపైరు కంటితో చూసి తేల్చినదాన్ని ఎవరూ ప్రశ్నించడానికి లేదు, రూలు తప్పుగా వాడితేనే ఫిర్యాదు. అందుకని లీగ్ వాళ్ళు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. 'చీఫ్ అంపైరు దృష్టిలో ఆ బంతి పట్టే హక్కు ఏ ఫీల్డరుది?' గురువారంలోగా రాసివ్వాలి. షార్ట్‌స్టాప్ అని ఒక్క మాట రాస్తే ఖలాస్.

నేను రాద్దాంలే అని ఊరుకున్నాను. లీదియా ఏమైనా అంటుందేమో, ఒక మాట విసురుతుందేమో అని ఎదురుచూశాను.  ఆదివారం చూస్తే ఆమె మాత్రలు అట్టతో సహా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురులో దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, దాని మీద అక్షరాలు చదువుతోంది. ఏంటని అడిగితే, "ఏం లేదండి," అంది.

సంగతి స్వీటీ చెప్పింది. ఆమె కూడా ఆ హాస్పిటల్లోనే చేస్తుంది. "అక్కకి ఏమైంది బావగారూ? ఇంజెక్షన్ లోడ్ చేసిన ప్రతిసారీ నన్నో ఇంకొకళ్ళనో పిలిచి, ఎన్ని గీతల దాకా ఉందో చూసి చెప్పమంటోంది. పదేళ్ళ సర్వీసు. ఇంఛార్జి కూడా అడిగింది."

ఆ సాయంత్రం లీదియానే చెప్పింది. "పది అడుగుల దూరంలో, పట్టపగలు, బంతి ఎటు పోయిందో నాకు తప్పుగా కనబడిందండీ. మైదానంలో అయితే కప్పు పోతుంది. వార్డులో సిరంజి మీద గీత అలా కనబడితే?"

"ఇసుక గాలి కదా," అన్నాను.

"మీకు సరిగ్గానే కనబడింది కదా," అంది.

నేను కోరుకున్నది ఇదే కదా. ఆమె తప్పు ఒప్పుకోవాలి, నలుగురిలో తగ్గాలి. తగ్గింది. వచ్చే సీజన్‌కి మైదానానికి కూడా రానంటుంది. అది ఎంత సులువుగా జరిగిపోయిందో చూస్తుంటే నాకు అన్నం సయించలేదు. అయినా రిపోర్టు కాగితం ముట్టుకోలేదు. సోమవారం పోయింది. మంగళవారం పోయింది.

బుధవారం ఆమెకి ఆఫ్. నేను కూడా సెలవు పెట్టాను. మా సందు చివర కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాం. షాపు హైదరాబాదాయనది, అందరూ బడే సాహెబ్ అంటారు. ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, అక్షరాల బోర్డు మీద లైటు వేశాడు. పై నుంచి మొదలుపెట్టి చదువుతూ పోయింది. రెండో కన్నుతోనూ అంతే. ఆఖరి వరస కింద షాపు ఫోను నంబరు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటే అదీ చదివింది.

బడే సాహెబ్ లైటు తీసేశాడు. "అమ్మా, కళ్ళు బిల్కుల్ సాఫ్. నేనేం ఇయ్యను నీకు. ఎవరు చెప్పిండ్రు నజర్ కమ్మి ఉందని?"

"ఎవరూ చెప్పలేదండి," అంది.

బయటికొచ్చాం. చేపల మార్కెట్‌కి వెళ్ళాలని ముందే అనుకున్నాం గనక అటే నడిచాం. మార్కెట్ గుమ్మం దాకా ఆమె నాకన్నా ముందు నడిచింది. అక్కడ ఆగి, సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని, "అయితే తేడా నా కళ్ళలో లేదు," అంది.

కోపంగా అనలేదు. లెక్క తప్పిన పేషెంటు చార్టు చూస్తున్నట్టుగా అంది.

"బంతి సెకండ్ బేస్‌మన్‌దే," అన్నాను.

"మీకెప్పుడు తెలిసింది?"

"అప్పుడే. అది పైన ఉండగానే."

చేపలమ్మేవాళ్ళు రండి రండని పిలుస్తున్నారు. ఆమె నన్ను దాటుకుని లోపలికెళ్ళింది. రెండు వంజరాలు ఎంచి, మొప్పలెత్తి చూసి, బేరమాడి, ముక్కలు కొట్టించింది. ఎంత మందం కొట్టాలో కూడా చెప్పింది. నేను సంచి అందుకోబోతే ఇవ్వలేదు. ఇంటి మెట్లెక్కుతూ, "రిపోర్టు రేపటిలోగా కదా ఇవ్వాల్సింది," అంది. అంతే.

ఆ మధ్యాహ్నమే రాశాను. బంతి పట్టే హక్కు సెకండ్ బేస్‌మన్‌దని, అది నాకు ఆ క్షణంలోనే తెలుసునని, బేసు అంపైరు సరైన తీర్పే ఇచ్చిందని, నేను దాన్ని తెలిసే కొట్టేశానని. ఎందుకు కొట్టేశానో వాళ్ళు అడగలేదు. నేను రాయలేదు. లీదియా చదివి, ఇంగ్లీషులో ఒక స్పెల్లింగు దిద్ది, తిరిగిచ్చింది.

కప్పు హోటల్ వాళ్ళకి వెళ్ళింది. ఓడరేవు టీములో ఒకతను మా కంపెనీ గేటు దగ్గర నన్ను చూసి ఉమ్మేసి పోయాడు. రొడెల్ ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడాడు. రెండు సీజన్ల దాకా నాకు ఆటలివ్వరని చెప్పి, "ఎందుకు రాజు?" అన్నాడు. సర్ అనలేదు. ఇసుక గాలి అని మళ్ళీ చెప్పబోయి, ఫోను పెట్టేశాను.

ఇంట్లో గొడవేమీ జరగలేదు. సిరంజి చూపించడానికి అక్క ఇప్పుడెవర్నీ పిలవడం లేదని స్వీటీ చెప్పింది. వంట, చర్చి, ఊరికి ఫోన్లు, అన్నీ మామూలే. ఒక్కటే మారింది. అంతకుముందు లీదియా ప్రతిదానికీ "ఏం చేద్దామండీ?" అనేది. డ్యూటీ మార్చుకోనా, ఈ ఏడు సెలవు ఎప్పుడు పెట్టను, ప్రభుకిరణ్ వాళ్ళతో ఉందామా వేరే ఫ్లాటు చూద్దామా. ఆ ఎండాకాలం నుంచి అడగడం మానేసింది. చెప్పేది. జూన్‌లో ఊరెళ్తున్నానంది. వెళ్ళింది. ఆగస్టులో తిరిగొచ్చి, పక్క బిల్డింగులో ఒక్క గది ఫ్లాటు చూశాననీ, ఫస్టుకి మారుతున్నామనీ చెప్పింది. 'మారుతున్నాం' అంది, అందులో నేనూ ఉన్నాను, దానికే సంతోషించాను.

నవంబరులో లీగ్ మళ్ళీ మొదలైంది. ఆమె చీఫ్. బేసుల దగ్గరికి ఎవరో కొత్త ఫిలిప్పీన్స్ కుర్రాణ్ణి పెట్టారు. మొదటి శుక్రవారం నేను వస్తానంటే వద్దనలేదు, రమ్మనలేదు. చెక్క బల్లల మీద, పిల్లాజెల్లాతో వచ్చిన కుటుంబాల మధ్య కూర్చున్నాను. జాలీ వెనకాల ఆమె మొహం కనబడదు. చెయ్యి మాత్రం కనబడుతుంది. స్ట్రైక్, బాల్, అవుట్, సేఫ్. నా పక్కనాయన బిస్కెట్లు పంచుతూ, "ఆమె చాలా గట్టిది," అన్నాడు ఇంగ్లీషులో. తల ఊపాను. ఆ పాత అసూయ అలాగే ఉంది. పోతుందనుకున్నాను గానీ పోలేదు.

ఆట జరుగుతున్నకొద్దీ గమనించుకుంటే, నా కుడిచెయ్యి ఒళ్ళోనే కదులుతోంది. ఆమె చెయ్యి లేవకముందే నాది తీర్పు చెప్పేస్తోంది. ప్రతిసారీ ఆమెదీ నాదీ ఒకటే. ఒక్కసారి మాత్రం కలవలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో, ఇంటి దగ్గర జారుతూ వచ్చినవాణ్ణి నేను అవుట్ అనుకున్నాను, ఆమె సేఫ్ అంది. ఎవరూ నోరెత్తలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె ఒళ్ళో జాలీ పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది. క్లాక్ టవర్ దాటాక అడిగాను.

"ఆరో ఇన్నింగ్స్‌లో వాడు అవుట్ కాదా?"

కాసేపు ఆలోచించింది, నిజంగానే.

"క్యాచర్ ముట్టుకునే లోపలే వాడి కాలు బేసుకి తగిలిందండి," అంది. "మీరు కూర్చున్న చోటినుంచి అలాగే కనబడుతుంది."